వంశపు నడక

జనవరి 12

అత్తా,

నువ్వు బాగున్నావా, కుట్టుమెషిన్లు బాగున్నాయా? ఫోన్ చేస్తే నాకు మాట రాదు. "ఊపిరి చప్పుడు వినడానికా ఫోన్ ఎత్తింది?" అని నువ్వు కసురుతావు. అందుకే కాగితం తీసుకున్నాను. దీని ముందు నాకు సిగ్గు లేదు.

చెప్పకూడదనుకున్నాను గానీ, మొన్న తుమ్మాను. పక్కటెముక చిట్లింది. నవ్వకు అత్తా, నిజంగానే. ఎక్స్‌రే తీసిన అమ్మాయి కూడా ముందు నవ్వింది, ఫిల్మ్ చూశాక ఊరుకుంది. ఏడాదిగా తుంటి, తొడలు, నడుము ఒకటే నొప్పి. మంచం దిగాలంటే ఏ చెయ్యి ఎక్కడ ఆనించాలో ముందే ఆలోచించుకోవాలి. మెట్లెక్కడం మానేశాను. ఇక్కడి డాక్టరు ఎముకలకి బలమని మాత్రలు ఇస్తూనే ఉన్నాడు, నేను మింగుతూనే ఉన్నాను. ఎండలో కూర్చోమన్నాడు. కూర్చుని కూర్చుని నల్లబడ్డానే తప్ప బలపడలేదు.

మా ఆయన ఊరి నీళ్ళు శుద్ధిచేసే కేంద్రంలో డ్యూటీ దిగి రాగానే నన్ను కుర్చీలోంచి లేపుతారు. "అక్కడ పొద్దంతా గేట్లు ఎత్తి వస్తాను, ఇక్కడ నువ్వు" అంటారు. కోపంగా కాదు. ఆయనకి కోపం ఎలా ఉంటుందో నేనింకా చూడలేదు.

పగలు కిటికీ దగ్గర కూర్చుంటే కళ్ళు మూతలు పడతాయి. అప్పుడు నేనొక తెరనై వేలాడుతూ ఉంటాను. పైన కమ్మీ ఉండదు. కమ్మీ లేకుండా తెర ఎలా నిలిచిందా అని కిందినుంచి ఎవరో అడుగుతారు. అడగ్గానే కుప్పకూలిపోతాను. మెలకువ వస్తుంది.

కుడి అరికాల్లో ఆనె కూడా సలుపుతోంది. మెషిన్ వదిలి రెండేళ్ళవుతోంది, అది మాత్రం నన్ను వదలలేదు.

వచ్చే వారం పెద్ద ఆసుపత్రికి తీసుకెళతానంటున్నారు. భయంగా ఉంది. నొప్పికి కాదు. అందరూ చూస్తారని.

నీ నత్తగుల్ల


జనవరి 20

నత్తగుల్లా,

తుమ్మితే ఎముక విరగడమేమిటే? నేను తుమ్మితే ఎదురింటి అద్దాలు అదురుతాయి, నా ఎముకలు మాత్రం ఉన్నచోటనే ఉంటాయి. సరిగ్గా తినడం లేదు నువ్వు. అల్లుడికి వడ్డించి గిన్నె అడుగున ఉన్నది నాకు చాల్లే అనుకునే రకానివి. నాకు తెలియదా?

పెద్ద ఆసుపత్రికి వెళ్ళు. వెళ్ళి నోరు విప్పు. చిన్నప్పుడు ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే తెర గుట్టల్లో దూరేదానివి, రెండు కళ్ళు మాత్రం బయటికి. అక్కడ గుట్టలుండవు.

ఆనెకి గోరువెచ్చని ఉప్పునీళ్ళలో కాలు పెట్టు. ఇనప పెడలు మీద ఉత్తకాళ్ళతో తొక్కేవాళ్ళకి ఆనె రాక ఇంకేం వస్తుంది? నా కాళ్ళకీ ఉన్నాయి, లెక్కపెట్టడం మానేశాను. వంటమనిషికి కాలిన మచ్చలు, మనకి ఆనెలు. అవి జబ్బులు కావు. వాటిని కూడా డాక్టరుకి చూపించేవు, నవ్వుతాడు.

కాళ్ళ నొప్పులకి మరీ దిగులుపడకు. మనది బాతుల వంశం కదా. మా అమ్మ, నేను, మీ నాన్న, అందరం ఊగుతూనే నడిచాం. ఊగాం గానీ ఆగలేదు.

ఇక్కడ కొత్తగా ఒక నాటకశాల తెర కుట్టడానికి వచ్చింది. గదినిండా ముదురు ఎరుపు. దాని మడతల మధ్య తిరుగుతుంటే నేనే ఏదో కథలోకి వెళ్ళిపోయినట్టుంది. నువ్వుంటే అంచు నీ చేత కుట్టించేదాన్ని. నీ అంత తిన్నగా ఎవరూ కుట్టరు. ఇది మెప్పు కాదు, ఉన్నమాట.

నీ బాతత్త


ఫిబ్రవరి 3

అత్తా,

ఆసుపత్రిలో చేర్చుకున్నారు. నా మంచం పక్కనే కిటికీ. దాని తెర ఎవరు కుట్టారో గానీ ఒకవైపు కుచ్చులు ఒత్తుగా, రెండోవైపు బోసిగా ఉంది. పొద్దస్తమానం దాన్ని చూస్తూ పడుకోవడం ఒక జబ్బు, అసలు జబ్బు మీద కొసరు.

రాగానే పొద్దున్నే ఏమీ తినకముందు రక్తమూ మూత్రమూ ఒకేసారి తీసుకున్నారు. రక్తంలో ఫాస్ఫేట్ అని ఒకటి ఉండాలిట. అది లేకపోతే ఎముక గట్టిపడదట. నాకది బాగా తక్కువ. పెద్ద డాక్టరు వెంట నేర్చుకునే డాక్టర్లు గుంపుగా వస్తారు. ఆయన వాళ్ళతో అన్నాడు: "తిండిలో తక్కువైతే ఒళ్ళు పొదుపు చేసుకుంటుంది, మూత్రంలోకి పోనివ్వదు. ఈవిడకి రక్తంలో లేదు, మూత్రంలో ఉంది. అంటే కిడ్నీయే పారబోస్తోంది. ఎందుకు?" అందరూ నా వైపు చూశారు, నాకు తెలిసినట్టు.

సాయంత్రం మా ఆయన వచ్చి నాకు అర్థమయ్యేలా చెప్పారు. "కిడ్నీ అంటే మా ఫిల్టర్ గది అనుకో. అన్నీ లోపలికి వస్తాయి. పనికొచ్చేవాటిని వెనక్కి లాక్కుని, చెత్తని బయటికి వదలాలి. నీకు ఒక గేటు దగ్గర పనికొచ్చేదీ బయటికే పోతోంది."

గేట్లన్నీ పాడయ్యాయేమోనని చూశారట. అలాగైతే చక్కెరా, ఇంకా ఏవేవో కూడా కారిపోవాలి. కారడం లేదు. మెడలో ఏదో గ్రంథి ఉందట, అది అతి చేసినా ఇలాగే అవుతుందట. దాని పరీక్షా బాగానే వచ్చింది. రక్తానికి ఇనుము ఇంజెక్షన్లు గానీ, ఇంకేవైనా మందులు గానీ వాడావా అని అడిగారు. లేదని తలూపాను. "అయితే గేటు మంచిదే" అన్నారు మా ఆయన. "ఎక్కడినుంచో ఎవరో తెరిచే ఉంచమని ఉత్తర్వు పంపుతున్నారు." ఆ ఉత్తర్వు అంటే రక్తంలో తిరిగే ఒక హార్మోనట, దానికీ పరీక్ష ఉంది. నిన్న వచ్చింది. ఎక్కువగా ఉందట.

ఇక ఆ ఉత్తర్వు ఎక్కడినుంచి వస్తోందో తేలాలి. ఒంట్లో ఎక్కడో దాక్కున్న చిన్న కణితి అయినా పంపుతుంది, లేదా పుట్టుకతో వంశంలో వచ్చినా అంతే. డాక్టరు రోజూ అడుగుతాడు: "ఒంటిమీద గడ్డలేమైనా ఉన్నాయామ్మా?" లేవన్నాను. మెడ, చేతులు తడిమి చూశారు. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి అంతమంది మగపిల్లలు నిలబడ్డారు. దుప్పటి కిందికి లాక్కున్నాను. నువ్వు పెట్టిన పేరు ఊరికే పోతుందా?

అత్తా, ఒక మాట. నీ నడక, నాన్న నడక చిన్నప్పటినుంచీ అంతేనా? నాన్నమ్మ కూడానా? ఎందుకడుగుతున్నానో తర్వాత చెబుతాను. వేరేగా అనుకోకు.

నిన్న కలలో మనవాళ్ళంతా మంచులో వరసగా నడుస్తున్నారు. నాన్నమ్మ, నువ్వు, నాన్న, అటూ ఇటూ ఊగుతూ. చప్పుడే లేదు. చివర నేను. నా వెనక ఇంకెవరో చిన్న చిన్న అడుగులు. తిరిగి చూద్దామంటే మెడ తిరగలేదు.

నీ నత్తగుల్ల


ఫిబ్రవరి 10

అమ్మాయీ,

అర్థమైందిలే. "వేరేగా అనుకోకు" అని రాశాక వేరేగా అనుకోకుండా ఎవరుంటారు? అల్లుడు అడగమన్నాడా? కోపం రాని మనిషని మురిసిపోయావు. ఆ రకంవాళ్ళు నెమ్మదిగా అడుగుతారు, అంతే. కోడలి వంశంలో లోపం వెతికేవాళ్ళ సంగతి ఈ కుట్టుగదిలో ఎన్ని వినలేదు!

చెప్పు అతనికి. అవును, మాది వంశపు నడకే. మా అమ్మది, నాది, మా తమ్ముడిది. పుట్టుకతో వచ్చింది, పుణ్యంతో పెరిగింది. నన్ను చూసే కదా నిన్ను చేసుకున్నాడు? పెళ్ళినాడు నేను ఊగుతూ ఎదురొస్తే కళ్ళు మూసుకున్నాడా?

నీకక్కడ బాగోకపోతే ఒక్క మాట రాయి. నీ మెషిన్ గుడ్డ కప్పి అలాగే ఉంచాను. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వను.

ఎర్ర తెర అంచు వంకర పోయింది. రెండుసార్లు విప్పాను.

మీ అత్త


ఫిబ్రవరి 17

అత్తా,

నీ ఉత్తరం చదివాను. కోప్పడకు. ఆయన అడగలేదు, డాక్టరు అడిగాడు. సరిగ్గా రాయడం నాకు చేతకాలేదు.

నువ్వు రాసినట్టే చెప్పాను. నాన్నమ్మ, నువ్వు, నాన్న, పుట్టుకతోనే అని. పెద్ద డాక్టరు అంతా రాసుకున్నాడు. "మీ కాళ్ళు చిన్నప్పుడు తిన్నగానే ఉండేవంటున్నారు. అదొక్కటే నాకు మింగుడుపడటం లేదు. కానీ కొందరికి ఆలస్యంగా బయటపడుతుంది" అన్నాడు. ఒళ్ళంతా వెతికే పెద్ద స్కాన్ ఇంకో నగరంలో ఉందట, దానికి వరస కట్టాలట. వంశంలోనే ఉందంటే తొందరేం లేదని నా పేరు వెనక్కి జరిపారు. వంశ పరీక్షకి రక్తం పంపారు. అది తేలడానికి నెలలు పడుతుందట. అంతవరకు ఫాస్ఫేట్ మందు రోజంతా కొంచెం కొంచెంగా తాగాలి. ఎన్నాళ్ళని అడిగాను. భుజం తట్టాడు.

నేర్చుకునే డాక్టరమ్మ ఒకతి వెనకుండి నెమ్మదిగా చెప్పింది. తండ్రికి ఉంటే కూతుళ్ళందరికీ వస్తుందట. నాకుంటే నా కడుపున పుట్టేవాళ్ళలో ప్రతి ఒక్కరికీ సగం అవకాశమట.

సగం అంటే ఏమిటత్తా? ఒక కాలు తిన్నగా, ఒక కాలు వంకరగానా? తెలివితక్కువ ప్రశ్నే. కానీ ఆలోచిస్తూ పడుకున్నాను. పాలు తాగే వయసునుంచే ఈ మందు పోయాలి. తుమ్మితే భయం, పరిగెడితే భయం. నా నొప్పి నాకు తెలుసు కదా. తెలిసి తెలిసి ఇంకొకరికి ఎలా ఇస్తాను?

ఆయనతో చెప్పేశాను. ఎంతో చిన్నగా చెప్పాను, అయినా వినబడింది. "మనకి పిల్లలొద్దు. మీకు కావాలంటే నేను అత్త దగ్గరికి వెళ్ళిపోతాను." ఆయన చాలాసేపు ఆ కుచ్చులు సరిగ్గా లేని తెర వైపు చూసి వెళ్ళిపోయారు.

మా ఇంట్లో వెనకగదికి ఒక చిన్న కిటికీ ఉంది. కిందటేడు దానికి నేనొక తెర చేత్తో కుట్టాను. పలచటి పసుపు రంగు, ఎండ పాలలా వడకట్టుకుని వచ్చేది. ఆ గది ఎవరికోసమో మేమిద్దరం ఎప్పుడూ అనుకోలేదు. అనుకోకుండానే ఇద్దరికీ తెలుసు. నిన్న పక్కింటావిడ చూడవచ్చి, "వెనకగది తెర తీసేశాడేమిటి మీ ఆయన?" అంది.

నా మెషిన్ మీద గుడ్డ అలాగే ఉంచు అత్తా.

నత్తగుల్ల


ఫిబ్రవరి 22

నా తల్లీ,

ఈ ఉత్తరం అందగానే డాక్టరు దగ్గరికి పంపు. కావాలంటే నేనే చదివి వినిపిస్తాను, ఫోన్లో అరుస్తాను.

మాది వంశపు నడక కాదు. మా అమ్మ గుమ్మానికి ఆనించిన కర్రలా తిన్నగా నడిచేది. నేనూ అంతే, తొమ్మిదో ఏటివరకు. అప్పట్లో గుడ్డ తానులు అటక మీద ఉండేవి. మీ నాన్న బుడతడు, కింద వేలాడుతున్న గుడ్డ కొస పట్టుకుని లాగాడు, ఆట కదా. బరువైన తాను దొర్లి నా తుంటి మీద పడింది. ఎముక అతికింది గానీ పొట్టిగా అతికింది.

లేచి నడిచిన మొదటి రోజున వాడు గుడ్లప్పగించి చూశాడు. "అక్కా, ఎందుకలా ఊగుతున్నావు?" అన్నాడు. నిజం చెబితే ఆ మొహం ఏమైపోతుందో నాకు కనబడింది. "ఇది మన వంశపు నడకరా. పెద్దయితే అందరికీ వస్తుంది" అన్నాను. అమ్మ విని అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆవిడా ఆ రోజునుంచి మా ఇద్దరి ముందు కాస్త ఊగేది.

మీ నాన్న కూడా ఊగేవాడు కదా అంటావు. వాడి కాళ్ళకి ఏ లోపమూ లేదు. నన్ను చూసి నేర్చుకున్నాడు. వంశంలో తనొక్కడే తప్పిపోకూడదని. పెద్దయ్యాక కూడా మానలేదు. నా పక్కన నడిచేటప్పుడు మరీ ఊగేవాడు. ఇప్పుడు రాస్తుంటే తడుతోంది, వాడికి తెలుసేమో. తెలిసే ఊగాడేమో.

చెప్పీ చెప్పీ నాకే నిజమైపోయిందే. నువ్వడిగినప్పుడు నీ మొగుడు వేలెత్తి చూపిస్తున్నాడనుకుని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. ఒక పిల్లాడి మనసు నొప్పించకూడదని ఆడిన మాట ఇంకో బిడ్డని పుట్టకుండా ఆపుతుందని నాకేం తెలుసు?

నీకు మా నుంచి ఏదీ రాలేదు తల్లీ. నువ్వెలా కూర్చునేదానివో నా కళ్ళకి కట్టినట్టుంది. కుర్చీలో కుడికాలు ఒంటికింద మడుచుకుని, ఎడమకాలితో మాత్రమే తొక్కేదానివి. "రెండు కాళ్ళూ పెట్టవే, కొంగలా ఏమిటది?" అని ఎన్ని తిట్లు తిట్టాను! ఆ కాళ్ళు తిన్నగా, తీగల్లా ఉండేవి. నేను సాక్ష్యం.

బాతత్త


మార్చి 1

అత్తా,

తొందరలో అక్షరాలు ఊగుతున్నాయి. ఇవీ మన వంశమే అనుకో.

నీ ఉత్తరం మధ్యాహ్నం వచ్చింది. ఏడ్చాను, నవ్వాను. నాన్న కోసం మళ్ళీ ఏడ్చాను. మగతగా కళ్ళు మూసుకుంటే మన కుట్టుగది వచ్చింది. ఎర్ర తెర నీళ్ళలా నేలంతా పరుచుకుంది. నా మెషిన్ దానంతటదే ఆడుతోంది. ఎడమకాలు తొక్కుతోంది, కుడికాలు నా కింద మడిచి వెచ్చగా నిద్రపోతోంది.

అక్కడే మెలకువ వచ్చింది. కుడికాలు నిద్రపోయేది కదా.

పెడలు తొక్కని కాలికి ఆనె ఎందుకొస్తుందత్తా?

దుప్పటి తీసి చూసుకున్నాను. ఎడమ అరికాలి ముందుభాగంలో గరుకుగా, పచ్చగా, నా పాత ఆనెలు. కుడికాల్లో ఉన్నది మడమకి ముందున్న గుంటలో. అక్కడ నేల కూడా తగలదు. పైన చర్మం నున్నగా ఉంది. కింద బఠాణీ గింజంత, వేలితో నొక్కితే జారుతోంది. ఇన్నాళ్ళూ దాన్ని మన పని గుర్తనుకుని ముద్దుగా దాచుకున్నాను. గడ్డలున్నాయా అని అడిగితే ఆనె గుర్తుకే రాలేదు.

అప్పుడే పెద్ద డాక్టరు అందరినీ చూసి తలుపు దాటుతున్నాడు. వెంట ఆ గుంపు. పిలుద్దామంటే గొంతులో ఎప్పటిలాగే ఊపిరే. వరండాలోకి వెళ్ళిపోయారు. నువ్వు నాటకశాల తెర గురించి రాశావు కదా, అది గుర్తొచ్చింది. తెర తీయకపోతే లోపలున్నది ఎవరికి కనబడుతుంది?

"డాక్టరుగారూ!"

నా గొంతే. గదిలో అందరూ తిరిగి చూశారు. పక్క మంచం ముసలావిడ, "ఓసి నీ ఇల్లు బంగారం గానూ, నీకు మాటొచ్చా!" అంది. ఇన్ని రోజులూ మూగదాన్ననుకుందట.

"నా కాలు చూడండి" అన్నాను. నా చేత్తో నేనే దుప్పటి తీశాను. అంతమందీ చూశారు. చచ్చిపోలేదు.

డాక్టరు మంచం కొసన కూర్చుని ఆ గింజని చాలాసేపు తడిమాడు. "రోజూ అడిగాను కదమ్మా" అన్నాడు. తర్వాత తనే, "రోజూ అడిగాను గానీ దుప్పటి తీయించలేదు" అన్నాడు. నీ సంగతి చెబితే ఉత్తరం ఇమ్మన్నాడు, చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈవిడ తమ్ముడు అదృష్టవంతుడు" అన్నాడు. స్కాన్ వరసలో నా పేరు మళ్ళీ ముందుకి వచ్చింది.

నీ నత్తగుల్ల


మార్చి 7

బంగారూ,

ఉప్పునీళ్ళలో పెట్టమన్నాను కదే! చూపిస్తే నవ్వుతారన్నాను కదే! నా నోరు కుట్టేసుకోవాలి, రెండు వరసల కుట్టుతో.

స్కాన్‌లో ఏం తేలింది? నాకు నిద్ర లేదు, నా వల్ల ఈ వీధికీ లేదు. అల్లుడితో ఏమని మాట్లాడాలి? ఏమేమో అనేశాను. అతనికి చదివి వినిపించలేదు కదా?

బాతత్త


ఏప్రిల్ 4

అత్తా,

స్కాన్‌లో ఒళ్ళంతా చీకటిగా ఉండి, కుడి అరికాల్లో ఒక్క చుక్క దీపంలా వెలిగిందట. ఆ ఒక్కటే. తీసేశారు. సీసాలో వేసి చూపించారు. ఇంత చిన్నది నన్ను మంచాన పడేసిందా అని సిగ్గేసింది. కోసి పరీక్ష చేశారు, ప్రాణానికి ముప్పు తెచ్చే రకం కాదట. ఉత్తర్వులు పంపడమే దాని పని.

తీశాక కొన్నాళ్ళకే రక్తంలో ఫాస్ఫేట్ తనంతట తనే పైకి లేచింది. మందు ఆపేశారు. ఆయన ఆ కాగితం తన నీళ్ళ కేంద్రంలో అందరికీ చూపించారట, "గేటు మూసుకుంది" అని. ఎముకలు గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుందట. పచ్చిగోడలా ఆరాలి. మధ్యమధ్య రక్తం చూపించుకుంటూ ఉండాలి, మళ్ళీ రాకుండా. డాక్టరు చెప్పిన చివరి మాట నీకోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఇది వంశానిది కాదు. పిల్లల గురించి భయపడకండి."

వెనకగది తెర సంగతి కూడా తేలింది. నేనలా అన్న రోజున ఆయన అది విప్పి ఉతికారట. ఆరబెట్టి ఇస్త్రీ చేసి ఆసుపత్రికి పట్టుకొచ్చి, నేను నిద్రలో ఉండగా నా కిటికీకి కట్టబోయారు. కొలత సరిపోలేదు. సరిపోనిది నాకెలా చూపించాలా అని మొహమాటపడి సంచిలోనే దాచారు. అత్తా, ఇద్దరు నత్తలు ఒక ఇంట్లో ఉంటే ఇంతే. నీ ఉత్తరాలన్నీ చదివి వినిపించాను. "నెమ్మదిగా అడుగుతారు" దగ్గర ఆగిపోయి, "అత్తయ్యగారు నన్ను సరిగ్గానే పట్టారు" అని నవ్వారు. ఆయనకి కోపం ఎలా ఉంటుందో నేనింకా చూడలేదు.

ఇంటికొచ్చాం. తెర మళ్ళీ చిన్న కిటికీకి ఎక్కింది. కర్ర పట్టుకుని ఆ గది వరకు నడుస్తున్నాను. పొద్దున ఎండలో కాసేపు కునుకు పట్టింది. మళ్ళీ మంచు, మళ్ళీ మనవాళ్ళ వరస. నాన్నమ్మ, నువ్వు, నాన్న. ఈసారి నాన్న నీ వైపు ఓరగా చూసి నవ్వుతూ మరీ ఎక్కువ ఊగుతున్నాడు. వాడికి తెలుసేమో అని రాశావు కదా. తెలుసత్తా. నేను చూశాను. నా వెనక ఆ చిన్న అడుగులూ ఉన్నాయి. మెడ తిరిగింది గానీ, చూడలేదు. వచ్చినప్పుడే చూద్దామని.

కళ్ళు తెరిచేసరికి ఆయన వసారాలో ఒక్కరే అటూ ఇటూ ఊగుతూ నడుస్తున్నారు. "ఏమిటది?" అన్నాను. "వంశంలో నేనొక్కణ్ణే తప్పిపోతే ఎలా?" అన్నారు.

నువ్వు తొందరగా రా. ఆయనకి సరిగ్గా రావడం లేదు, నేర్పాలి. రేపు మాకెవరైనా పుడితే, అదేం నడకని నిన్ను అడిగితే, అటకా తానూ కథ చెప్పకు. మన వంశపు నడకే అని చెప్పు.

బాతుల వంశం నుంచి,
నీ నత్తగుల్ల